పల్స్ 46 అంటే భయపడాలా? రిథమ్ మాత్రలు వేసుకునేవాళ్ళ గుండె ఎందుకు నెమ్మదిస్తుంది

మొన్న మే నెలలో ఒకరోజు రాత్రి పదిన్నరకి గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ నాన్నకి వేలికి పెట్టుకునే మిషన్‌లో 46 చూపిస్తోందే, మళ్ళీ పెట్టినా 46 ఏ" అంది. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటర్ అది, బీరువాలో పడుంది, ఆరోజు ఎందుకో తీసి పెట్టుకున్నారంట. నాన్నకి 68 ఏళ్ళు, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రెండేళ్ళుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, అంటే గుండె లయ తప్పే జబ్బు, వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్ 50 వేసుకుంటున్నారు, దాంతోపాటు రక్తం పలచబడే మాత్ర కూడా. నేను ఉండేది విజయవాడ పటమటలో, ఆ టైంలో బయల్దేరి వెళ్ళాలా వద్దా తెలీలేదు. ఆయన మాత్రం బానే మాట్లాడుతున్నారు, కళ్ళు తిరగట్లేదు, పెరుగన్నం తిన్నారు. సరే పొద్దున్నే చూద్దాం అనుకున్నాం.

పొద్దున్నే ఆయన చేసిన పని ఏంటంటే, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశారు. పల్స్ తక్కువైంది, తగ్గించే మాత్ర ఆపితే పెరుగుతుంది అని ఆయన లెక్క. మూడో రోజు సాయంత్రానికి గుండె దడదడా 140 కొట్టుకుంటూ, చెమటలు పట్టి, ఆటోలో ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చింది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో అర్థం చేసుకోడానికి నాకు చాలా రోజులు పట్టింది. సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో కార్డియాలజిస్ట్ దగ్గర బయట కుర్చీల్లో కూర్చుంటే ఇదే కంగారు పక్కవాళ్ళ నోట కూడా వినిపిస్తుంది, ఇప్పుడు చేతికి వాచీలు కూడా వచ్చాయి, నిద్రలో పల్స్ ఎంతో కూడా చెప్తున్నాయి. అందుకే తెలుసుకున్నంత వివరంగా రాస్తున్నా.

60 అనే గీత ఎక్కడిది

పెద్దవాళ్ళలో కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటే మామూలు అని పుస్తకాల్లో ఉంటుంది. 60 కన్నా తగ్గితే దాన్ని బ్రాడీకార్డియా అంటారు, అంటే నెమ్మదిగా కొట్టుకోవడం, అంతే. పేరు పెద్దగా ఉంది కాబట్టి జబ్బులా వినిపిస్తుంది కానీ అది ఒక కొలత పేరు. రోజూ పరిగెత్తేవాళ్ళకి 40ల్లో ఉండటం మామూలే, గాఢ నిద్రలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా 40ల్లోకి దిగుతుంది. 2018లో అమెరికా గుండె డాక్టర్ల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో అయితే ఆ గీతని 50కి దించారు, ఎందుకంటే 50కీ 60కీ మధ్య ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడంతమంది.

ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయా. గుండెకి తనంతట తనకి ఉన్న వేగం 70 కాదంట, ఇంకా ఎక్కువ. గుండె మార్పిడి చేసినవాళ్ళలో కొత్త గుండెకి నరాల సంబంధం తెగిపోయుంటుంది కదా, వాళ్ళకి ఊరికే కూర్చున్నా 90, 100 దాకా ఉంటుంది. మనలో వేగస్ అనే నరం రోజంతా గుండెని వెనక్కి లాగి పట్టుకుంటుంది, అడ్రినలిన్ ముందుకి తోస్తుంది, ఈ రెండిటి లాగుడులో తేలిన అంకె మన పల్స్. పడుకుంటే వేగస్‌ది పైచేయి, మెట్లెక్కితే అడ్రినలిన్‌ది.

గుండెలో కరెంటు, బ్యారేజీ గేట్లు

గుండె పైభాగంలో కుడివైపు ఎస్ఏ నోడ్ అని చిన్న ముక్క ఉంటుంది, కరెంటు పుట్టేది అక్కడ. ఆ కరెంటు పై గదులంతా పాకి, మధ్యలో ఏవీ నోడ్ అనే ఒకే ఒక్క దారిలోంచి కింది గదులకి దిగుతుంది. ఒళ్ళంతటికీ రక్తం తోసేది ఆ కింది గదులే, మన చేతికి తెలిసే నాడి కూడా వాటిదే.

మనూరివాళ్ళకి దీన్ని ప్రకాశం బ్యారేజీతో చెప్తే సులువు. ఎగువన ఎంత వరదొచ్చినా దిగువకి ఎంత పోవాలో తేల్చేది ఆ 70 గేట్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే ఎగువన వరద, పై గదులు నిమిషానికి 350 నుంచి 600 సార్లు ఊరికే వణుకుతుంటాయి. అదంతా కిందికి దిగితే మనిషి బతకడు. ఏవీ నోడ్ గేట్లలా నిలబడి కొన్నిటినే వదుల్తుంది, మందు లేకపోతే అవి కూడా 110 నుంచి 170 దాకా ఉంటాయి, అదీ ఒక పద్ధతి లేకుండా.

ఇప్పుడు మాత్రల సంగతి. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అడ్రినలిన్ మాట గుండెకి వినపడకుండా చేస్తాయి, దాంతో కరెంటు పుట్టే చోటా తగ్గుతుంది, గేట్లూ కొంచెం దిగుతాయి. డిల్టియాజెమ్, వెరాపమిల్ ఎక్కువగా గేట్ల దగ్గర పనిచేస్తాయి. డిగాక్సిన్ పాతకాలం మందు, ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క గుణాల గురించి విలియం విథరింగ్ అనే ఇంగ్లండు వైద్యుడు 1785లోనే పుస్తకం రాశాడు, అది వేగస్ బలాన్ని పెంచి గేట్లు దించుతుంది. అమియోడరోన్ దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది, ఎగువన వరదనే ఆపడానికి ప్రయత్నిస్తుంది, పనిలో పనిగా వేగమూ తగ్గిస్తుంది. ఐవాబ్రడిన్ అని ఇంకోటుంది, అది ఎస్ఏ నోడ్ మీద మాత్రమే పనిచేస్తుంది కాబట్టి ఫిబ్రిలేషన్ నడుస్తున్నంతసేపు దాంతో ఉపయోగం లేదు. ఇవన్నీ జనం నోట్లో "గుండె మాత్ర" అనే ఒకే పేరుతో తిరుగుతుంటాయి, సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

వరద రోజు కోసం వేసే మాత్ర, మామూలు రోజు కూడా పనిచేస్తుంది

నాన్న కేసులో ముడి ఇక్కడుంది, నేను ఇది రాస్తోంది కూడా ప్రధానంగా దీనికోసమే.

ఆయనకి ఫిబ్రిలేషన్ అన్నివేళలా ఉండదు, వచ్చిపోతుంటుంది. వచ్చినప్పుడు మందు లేకపోతే 140, మందు ఉంటే 90. రానప్పుడు, అంటే నెలలో ఎక్కువ రోజులు, గుండె మామూలు లయలోనే ఉంటుంది, అప్పుడు మందు లేకపోతే 62, మందు ఉంటే 48. ఇవాళ వరదుందో లేదో మాత్రకి తెలీదు, రెండు రోజులూ ఒకేలా పనిచేస్తుంది. కాబట్టి 48 చూపించిన రోజు మాత్ర తేడా చేసినట్టు కాదు, ఏ పని కోసం వేశారో ఆ పనే చేస్తోంది, కాకపోతే ఆరోజు ఆ పని అవసరం లేదు. వయసుతో ఎస్ఏ నోడ్ కూడా కొంచెం అరిగితే ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, కాసేపు మరీ వేగం, అది ఆగగానే మరీ నెమ్మది, కొందరికి ఆగిన క్షణంలో గుండె రెండు మూడు సెకన్లు అసలు కొట్టుకోకుండా ఉండి కళ్ళు బైర్లు కమ్ముతాయి. దీన్ని టాకీ-బ్రాడీ సిండ్రోమ్ అంటారు. వేగానికి మందిస్తే నెమ్మది ఎక్కువవుతుంది, నెమ్మదికి భయపడి మందు ఆపితే వేగం తిరిగొస్తుంది.

నాన్న మాత్ర ఆపినప్పుడు జరిగింది ఇంకా కొంచెం ఎక్కువే. బీటా బ్లాకర్ నెలల తరబడి వేసుకుంటే, అడ్రినలిన్ మాట వినపడట్లేదని గుండె తన చెవుల సంఖ్య పెంచుకుంటుంది, అంటే రిసెప్టర్లు పెరుగుతాయి. ఒక్కసారిగా మందు ఆపేసరికి మామూలు అడ్రినలిన్ కూడా గట్టిగా వినపడుతుంది. అందుకే మందు మొదలుపెట్టకముందు ఉన్నదానికన్నా ఎక్కువ దడ రావొచ్చు, గుండె రక్తనాళాల్లో పూడికలున్నవాళ్ళకైతే ఛాతీ నొప్పి, గుండెపోటు దాకా పోయే ప్రమాదం ఉంది. డాక్టర్లు దీన్ని మెల్లగా తగ్గిస్తూ ఆపడానికి కారణం అదే. అమియోడరోన్‌ది దీనికి పూర్తి రివర్స్, అది ఒంట్లో కొవ్వులో నిల్వ ఉండిపోతుంది, ఆపాక కూడా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం, పక్కింటాయన నాలుగు రోజులు మానేసినా ఏమీ కాలేదు అంటే ఆయన వేసుకునేది ఏ మాత్రో చూడాలి.

ఒకే 46, మూడు వేరు వేరు సంగతులు

ఆస్పత్రిలో డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టారూ, 46 చూసినప్పుడు కూర్చున్నారా, పడుకున్నారా, అప్పటికి నాడి ఒకే తీరున ఉందా తప్పుతూ ఉందా?" అని. అంకె గురించి కాదు, తీరు గురించి ఎందుకు అడిగారో తర్వాత అర్థమైంది.

46 మూడు రకాలుగా రావొచ్చు. ఒకటి, లయ మామూలుగానే ఉండి కరెంటే నెమ్మదిగా పుడుతోంది, దీన్ని సైనస్ బ్రాడీకార్డియా అంటారు, మాత్రల మీద ఉన్నవాళ్ళలో ఎక్కువగా చూసేది ఇదే, చాలాసార్లు ఇబ్బంది లేనిది. రెండు, ఫిబ్రిలేషన్ నడుస్తూనే ఉంది, గేట్లు మరీ ఎక్కువ దిగాయి, అప్పుడు నాడి నెమ్మదిగా, తప్పుతూ ఉంటుంది. మూడు, పైనుంచి కిందికి కరెంటు అసలు దిగట్లేదు, దారి పూర్తిగా మూసుకుంది, కింది గదులు బతకడానికి వాటంతట అవే నెమ్మదిగా కొట్టుకుంటున్నాయి, ఇది హార్ట్ బ్లాక్. ఇది ప్రమాదం. ఎప్పుడూ ఫిబ్రిలేషన్‌లోనే ఉండే మనిషికి, అందులోనూ డిగాక్సిన్ వేసుకునేవాళ్ళకి, తప్పుతూ ఉండే నాడి హఠాత్తుగా 40 దగ్గర గడియారంలా ఒకే తీరుగా కొట్టుకోవడం మొదలైతే, బయటివాళ్ళకి నయమైనట్టు కనిపిస్తుంది, డాక్టర్‌కి అనుమానం వస్తుంది. ఈ మూడిటినీ వేరు చేసేది ఈసీజీ ఒక్కటే, వేలి మిషన్ చేయలేదు.

రక్తం సరిపోతోందా: ఒక లెక్క

నాన్న లెక్కల మాస్టారు కాబట్టి ఆయనకి ఇది బాగా నచ్చింది. నిమిషానికి గుండె తోసే రక్తం అంటే, ఎన్నిసార్లు కొట్టుకుంది ఇంటూ ఒక్కో దెబ్బకి ఎంత తోసింది. 72 సార్లు, దెబ్బకి 70 మిల్లీలీటర్లు అనుకుంటే 5,040, అంటే సుమారు అయిదు లీటర్లు. ఇప్పుడు పల్స్ 50కి తగ్గింది, కానీ రెండు దెబ్బల మధ్య గుండె నిండటానికి టైం ఎక్కువ దొరికింది, దెబ్బకి 100 మిల్లీలీటర్లు తోసింది, మళ్ళీ అయిదు లీటర్లే. ఒంటికి తేడా తెలీదు. గుండె కండరం బిగుసుకుపోయినవాళ్ళకో, బలహీనపడినవాళ్ళకో ఈ సర్దుబాటు కుదరదు, 40 సార్లు, దెబ్బకి 75 అంటే మూడు లీటర్లే, అప్పుడు నీరసం, ఆయాసం, కాళ్ళవాపు, తల తేలిపోయినట్టుండటం మొదలవుతాయి. ఒకాయన 44 తో పొద్దున్నే స్టేడియంలో నాలుగు రౌండ్లు తిరిగొస్తే ఇంకొకాయన 52 తో బాత్రూంకి వెళ్ళి కూలబడటానికి తేడా ఇదే. టూడీ ఎకో అనే గుండె స్కాన్ ఎందుకు తీయిస్తారో కూడా ఇక్కడే తెలుస్తుంది, దెబ్బకి ఎంత తోస్తోందనే రెండో అంకె అందులో దొరుకుతుంది.

కూర్చున్నప్పుడు సరిపోయినా నడిస్తే సరిపోకపోవచ్చు. బీటా బ్లాకర్ మీద ఉన్న గుండె మెట్లెక్కినా తొందరగా వేగం అందుకోదు. 220 లోంచి వయసు తీసెయ్యమని వాచీలు, జిమ్ములు చెప్పే లెక్క ప్రకారం 68 ఏళ్ళకి 152 గరిష్టం, ఈ మాత్ర మీద ఉన్నవాళ్ళు గట్టిగా నడిచినా ఆ దరిదాపులకి వెళ్ళకపోవచ్చు. వాళ్ళ విషయంలో ఆ అంకెకి అర్థం లేదు, నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా అనేదే ఎక్కువ చెప్తుంది. వయసు మీదపడింది అందుకే నీరసం అని ఏడాదిపాటు సర్దుకుపోయి, డోసు తగ్గించగానే మళ్ళీ లేచి తిరిగినవాళ్ళున్నారు, అందుకే ఈ నీరసాన్ని డాక్టర్ దగ్గర చెప్పకుండా దాచుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

మిషన్ తప్పు చెప్పే సందర్భాలు

ఆక్సీమీటర్, వాచీ రెండూ లెక్కపెట్టేది కరెంటుని కాదు, వేలికో మణికట్టుకో వచ్చిన రక్తం అలని. కొందరికి ప్రతి మామూలు దెబ్బ తర్వాత ఒక తొందర దెబ్బ పడుతుంది, గుండె నిండకుండానే పడింది కాబట్టి దాని అల వేలిదాకా రాదు. గుండె 80 సార్లు కొట్టుకుంటుంటే మిషన్ 40 అంటుంది. ఆ 40 చూసి మాత్ర ఆపితే తొందర దెబ్బలు ఇంకా పెరగొచ్చు.

ఫిబ్రిలేషన్‌లో ఇంకో చిక్కు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం అలవాటు కదా. మొదటి 15 సెకన్లలో 14 అంటే 56 అనుకుంటాం, తర్వాత 15 లో 20 అంటే 80 అనుకుంటాం, మిగతా రెండు ముక్కల్లో 15, 17 వచ్చాయనుకోండి, నిమిషం మొత్తం మీద 66. తప్పే నాడికి పూర్తి నిమిషం లెక్కే లెక్క.

నిన్నటిదాకా సరిపోయిన డోసు ఇవాళ ఎందుకు ఎక్కువైంది

మాత్ర మారలేదు, మరి పల్స్ ఎందుకు మారింది అని అందరూ అడుగుతారు. ఒంట్లో మిగతావి మారతాయి కాబట్టి.

మన ఎండలే తీసుకోండి. రోహిణి కార్తెలో విజయవాడలో 45 దాటిన రోజులున్నాయి. చెమటకి నీళ్ళు పోతాయి, దానికి రెండు రోజుల విరేచనాలు తోడైతే కిడ్నీలకి రక్తం తగ్గుతుంది. అటెనొలాల్, డిగాక్సిన్ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే, అవి పేరుకుంటాయి. పొటాషియం కూడా పేరుకుంటుంది, అది ఎక్కువైతే దానికదే గుండెని నెమ్మది చేస్తుంది. గుండె నెమ్మదిస్తే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది, మందు ఇంకా పేరుకుంటుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే ఈ గిరగిరకి డాక్టర్లు ఈమధ్య బ్రాష్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు, ఒక్కో కారణం చిన్నదే అయినా కలిస్తే మనిషి ఐసీయూకి చేరొచ్చు. కిడ్నీ బలహీనంగా ఉండి, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటి పొటాషియం నిలిపే బీపీ మందులు కూడా వాడుతున్నవాళ్ళకి, నీరసంగా ఉందని రోజుకి మూడు కొబ్బరిబోండాలు తాగించడం ఉపకారం కాకపోవడానికి కారణం అదే. సోడియం తగ్గించిన ఉప్పు ప్యాకెట్లలో కూడా పొటాషియమే కలుపుతారు.

మెటోప్రొలాల్‌ది ఇంకో దారి, అది లివర్‌లో కరుగుతుంది. డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ ఆ దారికి అడ్డం పడతాయి, మెటోప్రొలాల్ రక్తంలో పెరుగుతుంది. ఇక ఎవరూ ఊహించనిది కంటి చుక్కలు. గ్లకోమాకి, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి, వేసే టిమొలాల్ కూడా బీటా బ్లాకరే, కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి అక్కణ్ణుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, చుక్క వేశాక కన్ను మూసుకుని ముక్కు పక్కన మూల నొక్కి పట్టుకోమనేది అందుకే. కంటి డాక్టర్ చీటీ, గుండె డాక్టర్ చీటీ వేరు వేరు ఫైళ్ళలో ఉంటే ఇద్దరికీ రెండోది తెలీదు. అమియోడరోన్‌లో అయొడిన్ చాలా ఎక్కువ, బరువులో మూడో వంతు పైనే, దానివల్ల కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, థైరాయిడ్ మందగిస్తే గుండె కూడా మందగిస్తుంది. అందుకే ఆ మాత్ర మీద ఉన్నవాళ్ళకి ఆర్నెల్లకోసారి థైరాయిడ్ టెస్ట్ రాస్తారు. రాత్రిపూట మాత్రమే బాగా పడిపోతుంటే, గురక గట్టిగా ఉంటే, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా కారణమేమో చూస్తారు.

డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలు

ఒక డాక్టర్ "90 ఉన్నా పర్లేదు" అంటారు, ఇంకొకరు "70కి తేవాలి" అని డోసు పెంచుతారు, ఎవరిది తప్పు? ఇద్దరి వెనకా కారణాలున్నాయి. ఎప్పుడూ ఫిబ్రిలేషన్‌లోనే ఉండేవాళ్ళని తీసుకుని నెదర్లాండ్స్‌లో చేసిన రేస్-2 అనే అధ్యయనం 2010లో వచ్చింది. సగంమందికి కూర్చున్నప్పటి వేగం 80 లోపు, మిగతా సగానికి 110 లోపు ఉంటే చాలు అనుకున్నారు. రెండోవాళ్ళకి అదనంగా నష్టమేమీ జరగలేదు. దీని ప్రకారం చూస్తే పల్స్‌ని మరీ కిందికి లాగాలని డోసు పెంచాల్సిన పని అందరికీ లేదు. కానీ దడ భరించలేనివాళ్ళు, వేగం వల్లే గుండె పంపింగ్ పడిపోయినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి గట్టిగా తగ్గించాలనేవాళ్ళ మాటా నిజమే.

అంతకన్నా పాత వాదన ఇంకోటుంది, వేగం తగ్గిస్తే చాలా, లయే సరిచెయ్యాలా అని. 2002లో అఫర్మ్ అనే అధ్యయనం, నాలుగు వేలమంది పైగా రోగులతో, రెండు పద్ధతుల్లోనూ ఆయుష్షులో తేడా లేదని చెప్పింది. 2020లో ఈస్ట్ అనే అధ్యయనం జబ్బు బయటపడిన ఏడాది లోపే లయ సరిచేసే ప్రయత్నం మొదలుపెడితే స్ట్రోక్ లాంటివి తగ్గాయని చూపించింది. రెండిటి మధ్యా దాదాపు ఇరవై ఏళ్ళు నడిచాయి, మందులు మారాయి, లయ తప్పించే చోట్లని తీగతో లోపలికెళ్ళి మాడ్చేసే అబ్లేషన్ వచ్చింది, రోగుల్ని ఎంచుకున్న తీరూ వేరు. ఇక్కడ నాకు మాత్రం గుర్తుండిపోయింది 1989లో బయటికొచ్చిన కాస్ట్ అధ్యయనం. గుండెపోటు వచ్చినవాళ్ళకి తొందర దెబ్బలు తగ్గించే ఫ్లెకనైడ్, ఎన్‌కనైడ్ ఇచ్చారు, ఈసీజీ కాగితం మీద దెబ్బలు చక్కగా తగ్గాయి, మనుషులు మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా ఎక్కువమంది చనిపోయారు. కాగితం మీద అంకె బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు అని ఆ తర్వాతే డాక్టర్లు ఇంత జాగ్రత్తగా అడగడం మొదలుపెట్టారు.

పేస్‌మేకర్ మాట ఎప్పుడొస్తుంది

పేస్‌మేకర్ అంటే గుండె మరీ నెమ్మదిస్తే కరెంటిచ్చి కొట్టించే చిన్న మిషన్. పల్స్ ఇంతకన్నా తగ్గితే పేస్‌మేకర్ అని ఒక అంకె ఉంటుందనుకున్నా, లేదు. ఎస్ఏ నోడ్ నెమ్మదించిన కేసుల్లో కళ్ళు తిరగడం, పడిపోవడం, ఆయాసం ఆ నెమ్మది వల్లే వస్తున్నాయా అని తేల్చుకున్నాకే పేస్‌మేకర్ గురించి ఆలోచిస్తారు, ముందు డోసు తగ్గించి చూస్తారు. దారి పూర్తిగా మూసుకున్న హార్ట్ బ్లాక్ అయితే లక్షణాలు లేకపోయినా పెడతారు, మందుల వల్లో ఇంకేదైనా సరిచెయ్యగల కారణం వల్లో కాదని తేలాక. టాకీ-బ్రాడీ వాళ్ళకి పేస్‌మేకర్ చేసే మేలు ఇంకోటి, అది కింది అంచు పట్టుకుంటుంది కాబట్టి వేగానికి మాత్ర నిశ్చింతగా ఇవ్వొచ్చు. అబ్లేషన్‌తో ఫిబ్రిలేషనే తగ్గితే మాత్రే అవసరం లేకపోవచ్చు, అప్పుడు పేస్‌మేకర్ కూడా తప్పొచ్చు అనేవాళ్ళున్నారు, వయసు, ఖర్చు, ఎడమ పైగది ఎంత సాగిందన్నది చూసి ఎటో ఒకటి తేలుస్తారు. పేస్‌మేకర్ అంటే ఇక అయిపోయింది అనుకునేవాళ్ళకి ఆర్నె లార్సన్ సంగతి చెప్పాలి, 1958లో స్వీడన్‌లో ప్రపంచంలోనే మొదట ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషి, ఒకదాని తర్వాత ఒకటి ఇరవైకి పైగా మార్పించుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు, చివరికి పోయింది కూడా గుండె వల్ల కాదు.

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడేంత మగతగా ఉన్నా అది అంకెల చర్చ చేసుకునే సమయం కాదు, 108కి ఫోన్ చేసే సమయం.

నాన్నకి 24 గంటలూ ఈసీజీ రాసుకునే హోల్టర్ మిషన్ పెట్టారు, ఛాతీకి తీగలు అంటించుకుని ఇంట్లోనే తిరిగారు. తెల్లవారుజామున మూడింటికి నిద్రలో 41, పగలు సగటు 57, ఎక్కువలో ఎక్కువ ఆగింది రెండు సెకన్లు, సాయంత్రం నలభై నిమిషాలు ఫిబ్రిలేషన్, అప్పుడు 96. మిగతా టైం అంతా లయ మామూలే, బ్లాక్ లేదు. డోసు 25కి తగ్గించారు, ఆపలేదు. ఇప్పుడు ఆయన పాత అటెండెన్స్ రిజిస్టర్ ఒకటి తీసి పొద్దున లేవగానే ఒకసారి, నడిచొచ్చాక ఒకసారి నిమిషం పూర్తిగా నాడి లెక్కపెట్టి రాసుకుంటున్నారు, పక్కన ఎలా ఉందో రెండు ముక్కలు కూడా. నిన్నటి వరుసలో "52, బానే ఉంది, మూడు అంతస్తులు ఎక్కా" అని ఉంది. వచ్చే నెల ఆ రిజిస్టర్ పట్టుకుని మళ్ళీ డాక్టర్ దగ్గరికెళ్ళాలి.